సింగపూర్ చైనాటౌన్‌లో కాండో కొనేముందు: చూడ్డానికి వెళ్లే నాలుగు రోజులు

సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో మారియమ్మ గుడి గోపురం ఉండబట్టే పక్క సందుకి పగోడా స్ట్రీట్ అని పేరొచ్చింది. అదే వరసలో జామే మసీదు, కాస్త ముందుకెళ్తే 2007లో తెరిచిన బుద్ధుడి దంతాలయం. చైనీయులు ఈ పేటని న్యూ చే షుయి అంటారు, అంటే ఎద్దుబండి నీళ్లు. కొళాయిలు రాకముందు ఇక్కడికి నీళ్లు బండ్ల మీదే వచ్చేవి. మలయ్ పేరు క్రెటా ఆయర్‌లో ఉన్నదీ ఆ బండీ, ఆ నీళ్లే.

క్రెటా ఆయర్, తెలోక్ ఆయర్, బుకిట్ పసో, తంజోంగ్ పగార్ వీధుల్ని 1989లో పరిరక్షణ ప్రాంతాలుగా ప్రకటించారు. పాత షాప్‌హౌస్‌లని, అంటే కింద కొట్టు, పైన ఇల్లు ఉండే బారు ఇళ్లని కూల్చి టవర్లు లేపే వీల్లేదు. అందుకే ఇక్కడి కాండోల్లో, అంటే ప్రైవేటు ఫ్లాట్ల సముదాయాల్లో, ఎక్కువ భాగం పేట అంచుల్లో ఉంటాయి: ఔట్రమ్ గుట్ట వైపు, క్లబ్ స్ట్రీట్ వెనక, తంజోంగ్ పగార్-ఆన్సన్ రోడ్డు పక్క. ఏ అంచు నుంచైనా నడిచే దూరంలో ఏదో ఒక ఎంఆర్‌టీ (మెట్రో) స్టేషను ఉంటుంది. ఔట్రమ్ పార్క్‌లో మూడు లైన్లు కలుస్తాయి, మాక్స్‌వెల్ స్టేషను 2022లో తెరిచారు. ఏజెంటు ‘నడిచి వెళ్లొచ్చు’ అని ఎంత మురిపించినా ఆ సుఖం ఇక్కడ అందరికీ ఉన్నదే. ధరలో అసలు తేడా తెచ్చేవి లీజులో మిగిలిన ఏళ్లు, మీ పాస్‌పోర్టు రంగు.

ముందు బస సంగతి. కొనబోయే కాండోలోనే వారం రోజులు అద్దెకుండి చూద్దామనుకుంటే కుదరదు. ప్రైవేటు ఇంటిని మూడు నెలలకి తక్కువగా అద్దెకివ్వడం సింగపూర్‌లో నేరం. సర్వీస్డ్ అపార్ట్‌మెంటుకైతే కనీసం ఏడు రోజులు. నాలుగు రోజులకి హోటలే గతి. కియోంగ్ సైక్, ఆన్ సియాంగ్ వైపు షాప్‌హౌస్ హోటళ్లు బాగుంటాయి కానీ బుక్ చేసేటప్పుడు కిటికీ ఉందో లేదో చూసుకోవాలి. షాప్‌హౌస్ సన్నగా, లోతుగా ఉంటుంది; రెండు పక్కలా ఉమ్మడి గోడలే. వెలుగు ముందు నుంచీ, వెనక నుంచీ, మధ్యలో ఆకాశానికి తెరిచి ఉండే గాలిబావి నుంచీ రావాల్సిందే. నడిమధ్య గదులు చీకటి కొట్లు. ఏ వీధిలో కొనాలనుకుంటున్నారో ఆ వీధిలోనే దిగండి, శుక్రవారం రాత్రి కలిసొచ్చేలా. క్లబ్ స్ట్రీట్, కియోంగ్ సైక్ బార్ల సందడి పగటి వేళ వెళ్తే అంతుపట్టదు.

ఫ్లాటుని కనీసం రెండుసార్లు చూడాలి, అందులో ఒకటి సాయంత్రం నాలుగున్నర తర్వాత. భూమధ్యరేఖకి ఇంత దగ్గర్లో పడమటి ఎండ గోడల్ని కాల్చేస్తుంది, రాత్రి పదికీ వేడి దిగదు. అక్కడివాళ్లు ఉత్తర, దక్షిణ ముఖాలకి ఓటేస్తారు. తూర్పు ముఖం కోసం వెతికే మన వాస్తు బుర్రకి ఇది కొంచెం ఇబ్బందే, అయినా కరెంటు బిల్లు కట్టాల్సింది మీరే. చైనాటౌన్ కాంప్లెక్స్ దగ్గర కొంటే పొద్దున్న తడి మార్కెట్ (చేపలు, మాంసం, కూరగాయలమ్మే బజారు) వాసన కూడా ఒకసారి పీల్చి చూడండి. చైనీస్ కొత్త సంవత్సరానికి ముందు వారాల తరబడి దీపాలు, తాత్కాలిక దుకాణాలు, జనం. దీపావళి ముందు మారియమ్మ గుడి నిప్పులగుండం రోజున రోడ్లు మూసేస్తారు.

వానలోనూ నడవడానికి షాప్‌హౌస్‌ల ముందుండే ఫైవ్ ఫుట్ వే, అంటే మన అరుగుని పొడుగ్గా సాగదీసి కప్పేసినట్టుండే దారి, చాలా హాయి. చిక్కల్లా ఒక్కో ఇంటి ముందూ నేల ఎత్తు మారిపోవడమే. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకీ, పిల్లల బండికీ అది పనికిరాదు. శాకాహారులకి హాకర్ సెంటర్లలో, అంటే చవక తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే భవనాల్లో, కొంచెం కష్టమే. పప్పులు, కూరలకి చైనాటౌన్ స్టేషను నుంచి నార్త్ ఈస్ట్ లైనులో లిటిల్ ఇండియా మూడో స్టాపు, ముస్తఫా కొట్టుకీ పెరుమాళ్ గుడికీ నాలుగోది, ఫారర్ పార్క్.

ఇక భవనాలు. పసుపు-ఆకుపచ్చ పీపుల్స్ పార్క్ కాంప్లెక్స్ 1973 నాటిది. కింద మాల్, పక్కనే చైనాటౌన్ స్టేషను. దీని 99 ఏళ్ల లీజు 1968లో మొదలైంది, అంటే 2067లో ముగుస్తుంది. అడుగు ధర చవగ్గా కనిపించడానికి కారణం ఇదే. సీపీఎఫ్ (మన పీఎఫ్ లాంటి పొదుపు నిధి) సొమ్ము పూర్తిగా వాడాలంటే కొనేవాళ్లలో చిన్నవారికి 95 ఏళ్లు వచ్చేదాకా లీజు మిగలాలి. 40 ఏళ్లవారికి 55 ఏళ్ల లీజు కావాలి, ఇక్కడ అంత లేదు. వాడుకోగలిగే సీపీఎఫ్ తగ్గిపోతుంది, బ్యాంకు అప్పు కాలం కుదించుకుపోతుంది, మళ్లీ అమ్మేటప్పుడు కొనేవాడికీ ఇదే అడ్డం. ‘ఎన్‌బ్లాక్ అవుతుంది, లాటరీ తగులుతుంది’ అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. పదేళ్లు దాటిన భవనాన్ని మొత్తంగా అమ్మాలంటే 80 శాతం వాటా ఉన్న యజమానులు ఒప్పుకోవాలి. ఆ ఆశకి డబ్బు కట్టొద్దు. గుర్రపునాడా ఆకారంలో ఉండే పాత పర్ల్ బ్యాంక్ 2018లో 72.8 కోట్ల సింగపూర్ డాలర్లకి అలా అమ్ముడైన మాట నిజమే. దాన్ని కూల్చిన చోటే 774 ఫ్లాట్ల వన్ పర్ల్ బ్యాంక్ లేచింది. లీజు కొత్తది, ధరా దానికి తగ్గట్టే. క్లబ్ స్ట్రీట్ ఎమరాల్డ్ గార్డెన్‌ది 999 ఏళ్ల లీజు. స్పాటిస్‌వుడ్ పార్క్ రోడ్డు వైపు ఫ్రీహోల్డ్, అంటే లీజు గడువు లేని శాశ్వత హక్కు కూడా దొరుకుతుంది. ఉండడానికే కొంటే ఈ రెండు వైపులే ముందు చూడాలి.

కాంటోన్మెంట్ రోడ్డులోని పినకిల్@డక్స్‌టన్ టవర్లు చూసి మనసు పారేసుకోకండి. అది హెచ్‌డీబీ, అంటే ప్రభుత్వం కట్టించిన ఇళ్లు, విదేశీయులకి అమ్మరు. 50వ అంతస్తు వంతెన మీదికి మాత్రం టికెట్టు కొని ఎక్కండి. పేట మొత్తం మ్యాపులా కనిపిస్తుంది.

లెక్క 15 లక్షల సింగపూర్ డాలర్ల ఫ్లాటుతో చూద్దాం. మామూలు స్టాంపు డ్యూటీ 44,600 డాలర్లు, అది అందరికీ. దాని మీద అదనపు డ్యూటీ: పౌరులకి మొదటి ఇంటికి సున్నా, పీఆర్ (శాశ్వత నివాసి)కి 5 శాతం అంటే 75,000, విదేశీయులకి 2023 ఏప్రిల్ 27 నుంచి 60 శాతం, అంటే 9 లక్షలు. మన వాళ్లు దెబ్బతినేది ఇక్కడే: భర్త పీఆర్, భార్య డిపెండెంట్ పాస్ (కుటుంబ సభ్యులకిచ్చే వీసా) మీద ఉండి ఇద్దరి పేరా కొంటే ఎక్కువ రేటే మొత్తం ధరకి పడుతుంది. పీఆర్ ఒక్కరి పేరా కొనాలి. ఇంకోటి, వాణిజ్య ఒప్పందం వల్ల అమెరికా పౌరులకి సింగపూర్ పౌరుల రేటే వర్తిస్తుంది. అమెరికా పాస్‌పోర్టున్న తెలుగువారికి మొదటి ఇంటికి అదనపు డ్యూటీ సున్నా. గ్రీన్ కార్డుకి ఆ సౌకర్యం లేదు, భారత పాస్‌పోర్టుకీ లేదు. ఇండియా నుంచి డబ్బు పంపేవారికి ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి సొమ్ము పంపే ఆర్‌బీఐ పథకం) కింద మనిషికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల అమెరికన్ డాలర్లే హద్దు.

ఏజెంటు పేరు సీఈఏ (ఏజెంట్లకి లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ) పబ్లిక్ రిజిస్టర్‌లో ఉందో లేదో ఫోన్లోనే చూడొచ్చు. ఒకే ఏజెంటు అటూ ఇటూ పని చేయకూడదు, కొనుగోలు సొమ్ము చేతిలో పట్టుకోనూకూడదు. పట్టుకుంటానంటే లేచి వచ్చేయండి. అడిగిన ధర సబబో కాదో యూఆర్‌ఏ (నగరాభివృద్ధి సంస్థ) సైటులో గత ఐదేళ్ల అమ్మకాలు చూస్తే తెలిసిపోతుంది, డబ్బు కట్టక్కర్లేదు.

వరస తప్పితే నష్టం. ముందు బ్యాంకు నుంచి సూత్రప్రాయ ఆమోదం, ఆ తర్వాతే ఆప్షన్, అంటే ఆ ఫ్లాటుని గడువులోగా కొనే హక్కు. 1 శాతం కట్టి ఆప్షన్ తీసుకుంటే సాధారణంగా 14 రోజులు టైము, ఆలోగా ఇంకో 4 శాతం కట్టి ఖాయం చేసుకోవాలి. ఈ మధ్యలో అప్పు రాకపోతే ఆ 1 శాతం గోవిందా. మొదటి ఇంటి అప్పుకి గరిష్ఠం 75 శాతం, కనీసం 5 శాతం రొక్కంగా. నెలవారీ అప్పుల కిస్తీలన్నీ కలిపి ఆదాయంలో 55 శాతం దాటకూడదు. బ్యాంకు వేసే విలువ మీ ధరకంటే తక్కువొస్తే ఆ తేడా కూడా మీ జేబులోంచే. స్టాంపు డ్యూటీ ఖాయం చేసుకున్న 14 రోజుల్లో కట్టాలి.

లాయరు చేత ఎంసీఎస్‌టీ (భవనం యజమానుల సంఘం) లెక్కలు తెప్పించుకోండి: సింకింగ్ ఫండ్‌లో (పెద్ద మరమ్మతుల నిధిలో) ఎంతుంది, లిఫ్టులు ఎప్పుడు మార్చారు, గత సర్వసభ్య సమావేశంలో దేని మీద గొడవ. ఇరవయ్యేళ్లు దాటిన ఎత్తయిన భవనాలకి ఏడేళ్లకోసారి బయటి గోడల తనిఖీ తప్పనిసరి; ఆ మరమ్మతు ఖర్చు వాటాల ప్రకారం యజమానుల మీదే పడుతుంది. స్ట్రాటా వైశాల్యంలో, అంటే పత్రాల్లో ఫ్లాటుకి రాసే వైశాల్యంలో, హైదరాబాద్ సూపర్ బిల్టప్‌లా మెట్లూ లాబీలూ కలపరు. అలాగని నిశ్చింతగా ఉండకండి. పాత ప్రాజెక్టుల్లో బాల్కనీ, ఏసీ లెడ్జ్ (ఏసీ బయటి యూనిట్ పెట్టే గట్టు) కూడా అందులోనే, కాబట్టి టేపు పట్టుకెళ్లి గదులు కొలవండి.

తాళాలు చేతికొచ్చే ముందు ఇంకోసారి లోపలికి వెళ్తారు కదా, అప్పుడు ఏసీలన్నీ అరగంట నడిపించండి. స్నానాల గది సీలింగ్‌లో పైఅంతస్తు నీటి చెమ్మ ఉందేమో, కాంక్రీటు పెచ్చులూడి ఇనుము తుప్పు బయటపడిందేమో చూడండి. పాత భవనమైతే బయటికి తెరిచే కిటికీల్లో అల్యూమినియం రివెట్లు తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేశారో లేదో అడగండి. అవి అరిగి కిటికీ రోడ్డు మీద పడితే బాధ్యత ఇంటి యజమానిదే, ఆ రోజు నుంచి అది మీరే.