నెల్లూరు ఎండకు నిలిచే వీణ మేళం

నెల్లూరు మూలాపేటలో వీణలు బాగుచేసే ఈ చిన్న దుకాణానికి బోర్డు కూడా సరిగ్గా కనపడదు. కానీ మేళం కట్టించడానికి, అంటే మైనం పోసి మెట్లు కూర్చోబెట్టించడానికి, ఇక మద్రాసు దాకా వీణను మోసుకెళ్లే పనిలేదు. తీగలు బిగించే బిరడాల పని మాత్రం ఇంకా కుదరాలి.

మా ఊరి ఎండ సంగతి తెలిసిందే. వీణ పొడవాటి మెడ, అంటే దండి మీద రెండు పక్కలా మైనపు గట్లు పోసి, వాటి మీద తీగను నొక్కి స్వరం పలికించే 24 మెట్లు కూర్చోబెడతారు. రోహిణి కార్తెలో ఆ గట్టు మెత్తబడిందంటే, గమకానికి, అంటే స్వరాన్ని ఊపడానికి, తీగ లాగినప్పుడల్లా మెట్టు వెంట్రుకవాసి కుంగుతుంది. స్వరం చెడుతుంది. అలాగని గుగ్గిలం ఎక్కువ కలిపితే మైనం పెళుసై చలికాలంలో పెచ్చులూడుతుంది. ఇక్కడ తేనెమైనం, గుగ్గిలం, మసి కరిగించి, కొంచెం తీసి పుల్లలా చేసి, చల్లారాక వంచి చూస్తారు. పుటుక్కున విరిగితే మైనం కలుపుతారు, గోరు నొక్కితే దిగబడితే గుగ్గిలం. ఆ పుల్ల సరిగ్గా వంగేదాకా దండి జోలికి పోరు. ఈ ఓపిక చాలాచోట్ల కనపడదు.

పాత మైనం మొత్తం గీకేస్తారు. వాయించేటప్పుడు వేళ్లకు రాసుకునే కొబ్బరినూనె, దుమ్ము కలిసి పాత గట్టు మీద జిడ్డు పేరుకుని ఉంటుంది. దాని మీదే కొత్తది పోస్తే అంటుకోదు, కొన్ని నెలలకే పొరలా లేస్తుంది.

మీరు వాయించే శ్రుతి ముందే అడుగుతారు. తీగలు మార్చాలంటే మేళానికి ముందే మార్చాలి. మెట్లు కూర్చున్నాక వేరే మందం తీగ వేస్తే, పై స్థాయిలో స్వరాలు పక్కకు జరుగుతాయి. మెట్లు సరిచూసే తీరు దగ్గరుండి చూడదగ్గది. వాయించే తీగల్లో మొదటిదైన సారణి తీగ సగంలో వేలు తేలిగ్గా ఆనించి మీటి, ఆ పలుకును 12వ మెట్టు మీద నొక్కిన పలుకుతో పోలుస్తారు. తేడా ఉంటే మెట్టును కాస్త వేడిచేసి జరుపుతారు. ఆ తర్వాత 24వ మెట్టు. నడిమి మెట్లన్నీ ఆ రెంటి మధ్య చెవితోనే. ఏ మెట్టయినా పల్లంగా ఉంటే అక్కడ నొక్కిన తీగ పక్క మెట్టుకు తగిలి జుయ్యిమంటుంది. అందుకని వాయించే నాలుగు తీగల మీదా ఒక్కొక్క మెట్టూ మీటి చూస్తారు. ఒక రోజంతా దీనికే పోతుంది. పోనివ్వండి.

తీగలు ఆనే గుర్రం మీది లోహపు పలక పని కూడా నిక్కచ్చిగా ఉంది. తీగలు కోసిన గాడులను ఆకురాయితో రాసి నున్నగా చేస్తారు. తాళానికి మీటే పక్క తీగలు మూడింటికీ పక్క గుర్రం సరిచేస్తారు, అక్కడ వంక పెట్టేదేమీ లేదు.

బిరడాలకొస్తే, కొత్త బిరడా చెక్కినప్పుడు దాని వాలు రంధ్రానికి సరిపోవడం లేదు. ఒక కొస బిగిసి, రెండో కొస వదులుగా ఉంటోంది. అలాంటిది ఎంత తిప్పినా జారుతుంది. సుద్ద రాసి ఇస్తే వారం ఆగుతుంది, అంతే. పుచ్చుకునే ముందు ఒక్కో బిరడా మీరే తిప్పి, తీగ బిగించి, పావుగంట ఆగి చూసుకోండి. జారితే అక్కడే చెప్పండి, మళ్లీ చెక్కిస్తారు.

బొబ్బిలి ఏకాండి వీణ అయితే ఒకే పనస మొద్దు కాబట్టి అతుకుల గొడవ లేదు. కుండ (గుండ్రటి బుర్ర), దండి విడివిడిగా చేసి అతికిన వీణ తెస్తే ముందు అతుకు చుట్టూ తట్టి చూస్తారు. డొల్ల పలికితే మేళం కట్టం అని ముఖం మీదే చెప్పేస్తారు. అతుకు లేస్తుంటే దండి ఒంగుతుంది, దాని మీద ఎంత మంచి మేళమూ నిలవదు. డబ్బు తీసుకుని పైపూత పూసి పంపకపోవడం ఈ దుకాణం మీద గౌరవం పెంచే సంగతి.

రేటు ముందే చెబుతారు, తీగల ఖర్చు వేరే. నెల తర్వాత ఒకసారి తీసుకురమ్మంటారు. తప్పకుండా తీసుకెళ్లండి, కొత్త మైనం సర్దుకున్నాక ఒకటి రెండు మెట్లు కదలడం మామూలే. ఒంగోలు, కావలి నుంచి వచ్చేవాళ్లు వేసవిలో వీణను కారు డిక్కీలో పెట్టకండి, మధ్యాహ్నం ఆ వేడికి మైనం కరిగి మెట్లు ఒరుగుతాయి. వెనక సీట్లో, తీగలు ఒక స్వరం దించి, పొద్దున్నే బయల్దేరండి. సముద్రం దగ్గరుండేవాళ్లు వాయించాక ఉక్కు తీగల్ని పొడిబట్టతో తుడవండి, ఉప్పుగాలికి తుప్పు పట్టిన తీగ కొత్త మెట్లను కూడా గీరేస్తుంది.