అరవై దాటినవారి జ్ఞాపకశక్తి తరగతులు: నడక మేలు, గ్లూకోజ్ నీళ్ళు వద్దు

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో అరవై దాటినవారి కోసం నడుస్తున్న ఒక జ్ఞాపకశక్తి శిక్షణ కేంద్రంలో మా అమ్మను చేర్పించి మూడు నెలలయింది. ఆమెకు 68 ఏళ్ళు, పైగా మధుమేహం. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతున్నానని తనే దిగులుపడితే తీసుకువెళ్ళాను. కేంద్రం పేరు ఇక్కడ చెప్పను గానీ, ఇలాంటి చోట చేరబోయేవారు ఏం చూసుకోవాలో చెప్పడం అవసరమనిపించింది.

వారానికి మూడు ఉదయాలు బీచ్ రోడ్డులో కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియం వైపు చురుకుగా నడిపిస్తారు. రుసుములో సగం ఈ నడకకే చెల్లుతుందని నా అభిప్రాయం. అమెరికాలో 120 మంది వృద్ధులపై జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో, ఏడాదిపాటు నడిచినవారికి మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం పరిమాణం సుమారు 2 శాతం పెరగగా, ఒళ్ళు సాగదీసే వ్యాయామాలకే పరిమితమైనవారికి అది తగ్గింది.

నడక తరువాత కొత్త విద్య ఏదైనా ఒకటి నేర్పుతారు. అమ్మ ఒడియా అక్షరాలను ఎంచుకుంది. ముగ్గులు వేసిన చెయ్యి కావడంతో ఆ గుండ్రటి తలకట్లు త్వరగానే పట్టుబడ్డాయి. మొన్న రైల్వే స్టేషనులో భువనేశ్వర్ బండి బోగీ మీది పేరును వేలితో గాలిలో దిద్దుతూ, మొదటి అక్షరం దగ్గర కాసేపు ఆగి, చివరిదాకా చదివింది.

నా అభ్యంతరమంతా తరగతికి ముందు అందరికీ ఇచ్చే గ్లాసెడు గ్లూకోజ్ నీళ్ళ గురించే. మొదటి వారం అమ్మ మొహమాటపడి తాగేసింది. ఇంటికి వచ్చి చూస్తే గ్లూకోమీటరు 260 చూపించింది. కేంద్రంలో అడిగితే, "మెదడు నడిచేదే గ్లూకోజ్‌తో కదండీ" అన్నారు. శరీర బరువులో 2 శాతమే ఉండే మెదడు, మనం ఊరికే కూర్చున్నా, ఒంటి శక్తిలో దాదాపు 20 శాతం వాడుకుంటుందన్నది నిజమే. అయితే వయసు మీదపడినప్పటి చిక్కు సాధారణంగా రక్తంలో చక్కెర చాలకపోవడం కాదు, కణాలు దానిని వాడుకునే తీరు మారిపోవడం. స్టాన్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త ఆన్ బ్రూనే బృందం 2024లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ముసలి ఎలుకల మెదడులోని నాడీ మూలకణాలు (కొత్త నాడీకణాలను పుట్టించే కణాలు) పడుచు ఎలుకల కణాల కంటే సుమారు రెట్టింపు గ్లూకోజ్ పీల్చుకుంటున్నాయి; గ్లూకోజ్‌ను లోపలికి చేరవేసే గ్లట్-4 ప్రోటీన్ జన్యువును పనిచేయకుండా చేస్తే, నిద్రాణంగా ఉన్న ఆ కణాలు మేల్కొని కొత్త న్యూరాన్లను, అంటే నాడీకణాలను, రెట్టింపుకు మించి ఇచ్చాయి. ఇది ఎలుకలలో చూసిన ఫలితం కాబట్టి మనం అన్నం మానేస్తే న్యూరాన్లు పుడతాయని అర్థం కాదు, కానీ పెద్దవాళ్ళకు చక్కెర నీళ్ళు పోస్తే చదువు వంటబడుతుందన్న వాదనకు ఇందులో ఏ ఆధారమూ లేదు.

కొత్త న్యూరాన్లు పుట్టిస్తుందంటూ తరగతి చివర్లో కేంద్రంవారు అమ్మకానికి పెట్టే పొడిని కొనవద్దు. పెద్దవాళ్ళ మెదడులో కొత్త న్యూరాన్లు పుడతాయా లేదా అన్నదానిపైనే 2018లో రెండు బృందాలు పరస్పర విరుద్ధమైన ఫలితాలు ప్రకటించాయి. అలాంటప్పుడు డబ్బా మీద అంత ధీమాగా ఎలా ముద్రిస్తారు?

శిక్షకుల ఓపికకు మాత్రం వంక పెట్టలేను. "అమ్మగారూ, మళ్ళీ రాద్దామా" అని పదోసారి కూడా అదే మెత్తదనంతో అడుగుతారు. అందుకే రెండో విడతకూ రుసుము కట్టాను, దరఖాస్తు పైన మాత్రం గ్లూకోజ్ ఇవ్వరాదని ఎర్ర సిరాతో రాయించాను.