అరుణాచలంలో మూడు రాత్రులు, ఒక్కదాన్నే

మా అమ్మాయి పెళ్ళయి బెంగళూరు వెళ్ళిపోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. స్కూలు నుంచి రాగానే, హ్యాండ్‌బ్యాగు భుజం మీద ఉండగానే టీవీ పెట్టేదాన్ని. ఏం వస్తోందో కూడా చూసేదాన్ని కాదు. ఇంట్లో ఏదో ఒక గొంతు వినపడాలి, అంతే. ఒకరోజు కరెంటు పోయి ఇల్లు నిశ్శబ్దమైపోతే గుండె దడదడలాడింది. నాతో నేను గంటసేపు ఉండలేకపోతున్నానా అని ఆ రోజే అనిపించింది. ఫిబ్రవరిలో సెలవు పెట్టి అరుణాచలం, అంటే తమిళనాడులోని తిరువణ్ణామలై వెళ్ళాను.

అంతకుముందు రెండుసార్లు పౌర్ణమికి అందరితో కలిసి బస్సులో వెళ్ళాను. ఈసారి విజయవాడ నుంచి రైల్లో కాట్పాడి దిగి, అక్కణ్ణుంచి వేలూరు మీదుగా బస్సు పట్టుకున్నాను. కాట్పాడి నుంచి విల్లుపురం వెళ్ళే రైళ్ళు కూడా తిరువణ్ణామలైలో ఆగుతాయి గానీ నాకు టైము కుదరలేదు.

బస రమణాశ్రమంలోనే. రెండు నెలల ముందు ఈమెయిల్ రాస్తే మూడు రాత్రులకి గది ఇచ్చారు. అద్దె అడగరు, వెళ్ళేటప్పుడు ఆఫీసులో మనకి తోచింది ఇచ్చి రావచ్చు. మంచం, ఫ్యాను, కిటికీకి దోమల జాలీ, శుభ్రమైన బాత్రూమ్. ఒక్క మనిషికి ఇంతకంటే ఏం కావాలి? పోయినసారి పౌర్ణమికి బయట ఒక లాడ్జిలో దిగాం. మామూలు రోజుల కంటే మూడింతలు వసూలు చేశారు, తెల్లవార్లూ కారిడార్‌లో మాటలు, కిటికీ కింద జనరేటర్. పౌర్ణమి పుణ్యం మాట నేను కాదనను. ప్రశాంతత కోసం అయితే మాత్రం ఆ రోజుల్లో వెళ్ళకండి. ఆశ్రమంలో గది దొరకనివాళ్ళు చుట్టుపక్కల గదులు చూసుకునేటప్పుడు, రోడ్డు వైపు కాకుండా లోపలి వైపు ఇమ్మని ముందే అడగండి. హారన్ల మోత చాలా ఎక్కువ.

భోజనం పదకొండున్నరకి. నేల మీద వరసగా కూర్చుంటే విస్తరి వేసి, బకెట్లతో వడ్డించుకుంటూ వెళ్తారు. అన్నం, కూర, సాంబారు, రసం, మజ్జిగ. కారం తక్కువ, మనవాళ్ళకి పచ్చడి గుర్తొస్తుంది. అయినా ఎన్నాళ్ళ తర్వాతో ఫోన్ చూడకుండా అన్నం తిన్నాను. రసం వేడి విస్తరికి తగిలినప్పుడు వచ్చే వాసన చిన్నప్పటి పెళ్ళిభోజనాల తర్వాత మళ్ళీ అక్కడే తెలిసింది.

అసలు చెప్పాల్సింది పాత హాలు గురించి. రమణ మహర్షి ఇరవై ఏళ్ళకు పైగా కూర్చున్న చోటు అది. ఆయన సోఫా మీద ఇప్పుడు పెద్ద ఫోటో ఉంటుంది. చిన్న గది, లోపల ఎవరూ మాట్లాడరు. మొదటిరోజు సాయంత్రం వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఐదు నిమిషాలు గడిచాయో లేదో, పెళ్ళిలో మా ఆడపడుచు అన్న మాట ఒకటి లోపల మొదలైంది. దానికి నేను చెప్పాల్సిన జవాబు, దానికి ఆవిడ ఏమంటుందో అది, మళ్ళీ నా జవాబు. కళ్ళు తెరిచేసరికి పళ్ళు బిగించి ఉన్నాను, చీర కొంగు గుప్పిట్లో నలిగిపోయింది. బయట నెమలి అరిచింది. ఇంట్లో టీవీతో నేను కప్పెట్టేది దీన్నే అని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే గిరిప్రదక్షిణ చేశాను. 14 కిలోమీటర్లు. కొండ చుట్టూ ఉన్న ఎనిమిది లింగాల గుళ్ళలో ఆశ్రమం దాటాక మొదట వచ్చేది యమలింగం. ఆడవాళ్ళు ఒంటరిగా అయితే కాస్త వెలుతురు వచ్చాక బయల్దేరడం మేలు. మామూలు రోజుల్లో కూడా బస్సులూ బైకులూ ఉంటాయి, నిశ్శబ్దం ఆశించకండి. ఆది అణ్ణామలై గుడి దగ్గర కాసేపు ఆగండి. అటు నుంచి కొండ వేరేలా కనిపిస్తుంది.

నిశ్శబ్దం కావాలంటే ఆశ్రమం వెనక నుంచి రాళ్ళు పరిచిన దారి పట్టుకుని స్కందాశ్రమానికి ఎక్కాలి. చెప్పులు లేకుండా నడవాలి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో వద్దు. పైనుంచి గుడి గోపురాలన్నీ కింద బొమ్మల్లా కనిపిస్తాయి. ఇంకా కిందికి దిగితే విరూపాక్ష గుహ. 1899 నుంచి 1916 దాకా మహర్షి ఇక్కడ ఉన్నారు. మన విజయనగరం వైపు నుంచి వచ్చిన సంస్కృత పండితుడు కావ్యకంఠ గణపతి ముని 1907లో ఈ గుహ దగ్గరే ఆయన్ని కలిసి, తపస్సు అంటే ఏమిటని అడిగారు. ‘నేను’ అన్నది ఎక్కణ్ణుంచి పుడుతోందో గమనిస్తే మనసు అందులో అణిగిపోతుంది, అదే తపస్సు అన్నది ఆయన జవాబు. రమణ మహర్షి అన్న పేరు పెట్టింది కూడా గణపతి మునే.

గుహలో చీకటి, వేడి. నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. మెడ మీద చెమట కారుతుంటే నా ఊపిరి నాకు వినపడింది. ఆడపడుచు మాట మళ్ళీ వచ్చింది. ఈ కోపం ఎవరికి వచ్చింది అని అడిగాను. నాకు. ఆ నేను ఎవరు? జవాబేమీ రాలేదు, కోపం కూడా ముందుకు కదల్లేదు. ఎంతసేపో తెలీదు. బయటికొచ్చి గట్టు మీద కూర్చుంటే ఊరికే కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఏకాంతం అడవిలో ఉండదు, మనసులో ఉంటుందని మహర్షి చెప్పేవారు. ఆ మాట పుస్తకంలో చదివినప్పుడు బాగుందనుకుని పేజీ తిప్పేశాను. అక్కడి మూడు రోజుల్లో సంతలాంటి రోడ్డు మీద నడిచినప్పుడు కుదుటపడ్డాను, ఎవరూ మాట్లాడని హాల్లో ఉడికిపోయాను. అందుకే ఇప్పుడు ఎవరైనా అక్కడ ప్రశాంతంగా ఉంటుందా అని అడిగితే, ఎన్ని రోజులు ఉంటారు అని అడుగుతున్నాను. ఒక్కరోజులో వెళ్ళి వచ్చేస్తే లోపలి గోల మాత్రమే వింటారు. కనీసం రెండు రాత్రులు ఉండండి.

గురువారం రాత్రి ఇల్లు చేరాను. తాళం తీసి, బ్యాగు కింద పెట్టగానే చెయ్యి రిమోట్ మీదికి వెళ్ళింది. అలాగే కాసేపు పట్టుకుని, మళ్ళీ టేబుల్ మీద పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. పక్కింట్లో కుక్కర్ కూతేసింది. ఇంకో రెండు కూతలు అయ్యేదాకా స్టూలు మీద కూర్చుని విన్నాను. తర్వాత లేచి నా గ్లాసెడు బియ్యం కడుక్కున్నాను.