తిరుపతి దారికి ఫోన్ మ్యాపా, కారు మ్యాపా?

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో ఎలక్ట్రిక్ కార్లున్న తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే మోటారు గురించి పెద్దగా గొడవ ఉండదు. అది బాగానే లాగుతోంది. గొడవంతా డ్యాష్‌బోర్డు మధ్యలో ఉన్న ఆ పెద్ద స్క్రీన్ గురించే. ఫోన్ కలిపితే వచ్చే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే చాలు, కంపెనీ ఇచ్చిన మ్యాప్ ముట్టుకోనే అక్కర్లేదని ఒకరంటారు. ఎలక్ట్రిక్ బండికి సొంత మ్యాపే ఉండాలి, ఫోన్‌కు బ్యాటరీ సంగతి ఏం తెలుసని ఇంకొకరంటారు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. కానీ వచ్చే అప్‌డేట్‌లో ముందుగా ఏది బాగుచేయమంటారని కంపెనీవాళ్ళు అడిగితే నేను కోరేది ఒక్కటే: బ్యాటరీ శాతం తెలిసిన మ్యాప్. అది ఫోన్‌లోంచి వచ్చినా సరే, కారులోంచి వచ్చినా సరే.

ముందు ఒక చిక్కు విప్పాలి. ఆండ్రాయిడ్ ఆటో (ఐఫోన్‌కైతే కార్‌ప్లే) అంటే ఫోన్‌లో నడిచే మ్యాపునీ పాటల్నీ కారు స్క్రీన్ మీద చూపించేది. ఫోన్ తీసేస్తే అదీ పోతుంది. ఆండ్రాయిడ్ ఆటోమోటివ్ అంటే కారుకే ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్. గూగుల్ మ్యాప్స్‌ను కారులోనే పెట్టి ఇచ్చే పద్ధతి 2020లో పోల్‌స్టార్ 2తో మొదలైంది. మన హోస్కోటె దగ్గర అసెంబుల్ అయిన వోల్వో ఎలక్ట్రిక్ కార్లలోనూ అదే. అలాంటి కారులో మ్యాప్‌కు బ్యాటరీ లెక్క నేరుగా అందుతుంది. కానీ అంత ధర పెట్టేవాళ్ళు మనలో ఎంతమంది? పదిహేను, ఇరవై లక్షల బళ్ళలో ఎక్కువగా కనిపించేది కంపెనీ ఎవరి దగ్గరో తీసుకుని పెట్టిన మ్యాప్ ఒకటి, పక్కనే ఫోన్ కలుపుకునే వీలు. పోటీ ఆ రెండింటి మధ్యే.

ఊళ్ళో

ఊళ్ళో తిరగడానికైతే వాదనే అక్కర్లేదు, ఫోన్‌దే గెలుపు. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఎక్కడ ఆగిపోయిందో, మెట్రో పనుల కోసం ఏ మలుపు మూశారో ఫోన్ మ్యాప్‌కు తెలిసినంత త్వరగా కారు మ్యాప్‌కు తెలియదు. వాన పడ్డ సాయంత్రం అండర్‌పాస్ దాటాలంటే ఆ తేడా బాగా కనిపిస్తుంది. మనం సేవ్ చేసుకున్న ఇళ్ళు, ఆఫీసులు, వాట్సాప్‌లో ఎవరో పంపిన లొకేషన్ అన్నీ ఫోన్‌లోనే ఉంటాయి. దారి తెలుగులో చెప్పించుకోవచ్చు. పైగా ఊళ్ళో రోజుకు ముప్పై, నలభై కిలోమీటర్లు తిరిగి రాత్రి బేస్‌మెంట్‌లో చార్జింగ్ పెట్టుకునేవాడికి బ్యాటరీ లెక్కతో పనేముంది?

ఫోన్‌తో చిరాకులూ లేకపోలేదు. వైర్‌లెస్‌గా కలిపి వైర్‌లెస్ చార్జర్ మీదే పెడితే మధ్యాహ్నం ఎండకు ఫోన్ పెనంలా కాలుతుంది. మ్యాప్ స్క్రీనంతా పరుచుకుంటే ఏసీ తగ్గించడానికి బయటికి వచ్చి, మెనూ వెతికి, మళ్ళీ మ్యాప్‌లోకి పోవాలి. దీనికి పెద్ద సాంకేతికతేమీ అక్కర్లేదు. ఏ యాప్ తెరిచి ఉన్నా స్క్రీన్ అడుగున ఏసీ, వెనక కెమెరా, బ్యాటరీ శాతం ఉండే పట్టీ ఒకటి కదలకుండా ఉంచితే చాలు. కొన్ని బళ్ళలో ఉంది. లేనివాటికి అప్‌డేట్‌లో ఇవ్వొచ్చు.

ఊరు దాటాక

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. తిరుపతి సుమారు 160 మీటర్లు. అంటే కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా దాదాపు 250 కిలోమీటర్ల దారిలో మనం ముప్పాతిక కిలోమీటరు కిందికి దిగుతాం. మొగిలి ఘాట్‌లో ఆ దిగడం కళ్ళకే కనిపిస్తుంది. మళ్ళీ వచ్చేటప్పుడు అంతా ఎక్కాలి. మనుషులతో, సామానుతో 1,800 కిలోలున్న బండిని 750 మీటర్లు పైకి మోయడానికే, స్కూల్లో చదువుకున్న ఫిజిక్స్ ప్రకారం, దాదాపు 3.7 యూనిట్ల కరెంటు కావాలి. మోటారులో పోయే నష్టం కలిపితే నాలుగు దాటుతుంది. బ్యాటరీ 45 యూనిట్లదైతే అందులో తొమ్మిది శాతం ఎత్తుకే పోయినట్టు.

హైవే మీద యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వచ్చే బండి అనుకుందాం. చదును నేల మీద 250 కిలోమీటర్లకు 36 యూనిట్లు, అంటే 80 శాతం. పోయేటప్పుడు దిగుడులో బ్రేకింగ్ వల్ల కొంత తిరిగి వస్తుంది కాబట్టి తిరుపతి చేరేసరికి పాతిక శాతం దాకా మిగలొచ్చు. వచ్చేటప్పుడు అదే నిండు బ్యాటరీతో బయల్దేరితే కె.ఆర్. పురం చేరేసరికి పది శాతం దగ్గర ఉంటాం. అదీ దారిలో ఎదురుగాలీ, వానా లేకపోతే, హోస్కోటె దాటాక ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని గంట నిలబడకపోతే. ఒకే దారి, ఒకే బండి, అటొక లెక్క, ఇటొక లెక్క.

ఫోన్ మ్యాప్‌కు ఇదేమీ పట్టదు. ఎంతసేపట్లో చేరతామో చెబుతుంది, ఎంత బ్యాటరీతో చేరతామో చెప్పదు. మీటర్‌లో కనిపించే "ఇంకా ఇన్ని కిలోమీటర్లు" అన్న అంకె పరిస్థితీ గొప్పగా లేదు. చాలా బళ్ళలో అది ఇటీవల మనం నడిపిన తీరును బట్టి వేసిన అంచనా. వారమంతా ఊళ్ళో నెమ్మదిగా నడిపితే యూనిట్‌కు ఎక్కువ దూరం వచ్చి ఆ అంకె ఉబ్బుతుంది. టోల్ దాటి వంద పట్టుకోగానే కరగడం మొదలవుతుంది. ఇంట్లోవాళ్ళకు టెన్షన్ మొదలయ్యేదీ అక్కడే. చిత్తూరులో మా మామయ్య ఒకసారి ముందు సీట్లో కూర్చుని ఆ అంకెనే చూస్తూ, "ఏమబ్బా, పది కిలోమీటర్లు పోతే ఇరవై తగ్గించినాదే, ఇది మీటరా, కందాయం వసూలా?" అన్నాడు. ఆ అంకెను మార్చి, మ్యాప్‌లో పెట్టిన దారికి ఎత్తుపల్లాలు, వేగం, ఏసీ కలిపి లెక్క వేసి చూపించడమే డ్రైవర్లు అడిగేది. అమ్మేటప్పుడు చెప్పే ఎంఐడీసీ అంకెను, అంటే మన దేశంలో రేంజ్ కొలిచే అధికారిక పరీక్షలో వచ్చినదాన్ని, దీనికి వాడలేం. 45 యూనిట్ల నెక్సాన్ ఈవీకి ఆ పరీక్షలో వచ్చింది 489 కిలోమీటర్లు. హైవే మీద అంత వస్తుందని ఆశపడ్డవాళ్ళు ఎవరూ లేరు. కంపెనీయే సీ75 పేరుతో అంతకన్నా తక్కువ అంకె వేరేగా చెబుతోంది.

ఇక్కడ కారు సొంత మ్యాప్ గెలవాలి. గెలిచే సత్తా దానికే ఉంది కూడా. బండి బరువు, బ్యాటరీ వేడి, ఏసీ లాగే కరెంటు అన్నీ దానికి తెలుసు. టెస్లా ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే లేకుండానే ఇన్నేళ్ళు బళ్ళు అమ్మగలిగిందంటే ఒక కారణం ఆ మ్యాపే: దారి పెడితే చార్జింగ్ ఎక్కడ, ఎంతసేపు, ఎంత శాతంతో చేరతామో అదే చెబుతుంది. జనరల్ మోటార్స్ 2023లో తన కొత్త ఎలక్ట్రిక్ కార్లలో ఫోన్ కలిపే వీలు తీసేస్తానన్నప్పుడు చెప్పిన వాదన కూడా ఇదే, మ్యాపూ బ్యాటరీ కలిసి పనిచేయాలని. వాదన సరైనదే, తీసేయడం మాత్రం నాకు నచ్చలేదు. మంచి మ్యాప్ ఇస్తే జనం ఫోన్‌ను వాళ్ళంతట వాళ్ళే పక్కన పెడతారు. ఇవ్వకుండానే ఫోన్‌ను లాక్కుంటే దానికి సదుపాయం అని పేరు పెట్టడం ఎందుకు?

చార్జర్ దగ్గరికి పోయేలోపు బ్యాటరీని సరైన వేడికి తేవడం కారు మ్యాప్‌కున్న ఇంకో లాభం అంటారు. చలిదేశాల్లో అది చాలా పెద్ద విషయం. మనకు అంత కాదు. అనంతపురం వైపు మే నెల ఎండలో బ్యాటరీని చల్లగా ఉంచడమే మన సమస్య. అది మ్యాప్ ఉన్నా లేకపోయినా బండి చూసుకుంటుంది.

మన బజారులో కారు మ్యాపులు ఆ సత్తాను ఎంత వాడుకుంటున్నాయి? కొన్ని బళ్ళు చేరేసరికి మిగిలే శాతం చూపిస్తాయి. కొన్ని దగ్గర్లోని చార్జర్ల జాబితా ఇచ్చి ఊరుకుంటాయి. ఆ జాబితాలో చార్జర్ పేరుంటుంది, వేగంగా ఎక్కించే డీసీ కరెంటా, నెమ్మదిగా ఎక్కించే ఏసీ కరెంటా ఉండదు. హైవే మీద డీసీ ఫాస్ట్ చార్జర్ (సీసీఎస్2 ప్లగ్) కోసం వెతికేవాడికి లాడ్జి గోడకున్న 15 యాంపియర్ల ప్లగ్ చూపిస్తే ఏం లాభం? డేటా ఉచితంగా ఇచ్చిన మొదటి కొన్నేళ్ళు అయిపోయాక చందా కట్టాలని చెప్పే బళ్ళూ ఉన్నాయి.

మధ్యేమార్గం ఒకటుంది, అది ఫోన్ మ్యాప్‌కే బ్యాటరీ శాతం చెప్పడం. ఇది కల కాదు. అమెరికాలో ఫోర్డ్ మస్టాంగ్ మాక్-ఈ లాంటి బళ్ళు ఆపిల్ మ్యాప్స్‌కూ, 2024 నుంచి ఆండ్రాయిడ్ ఆటోలోని గూగుల్ మ్యాప్స్‌కూ ఈ లెక్క అందిస్తున్నాయి. మన బళ్ళలోనూ ఇది వస్తే నా ఓటు దీనికే. కొత్త మ్యాప్ తయారుచేసి, దాన్ని ఏళ్ళ తరబడి తాజాగా ఉంచే బాధ కంపెనీకి తప్పుతుంది. అలవాటైన మ్యాప్ మనకు పోదు. అంతవరకూ దూరప్రయాణాలకు ఏబీఆర్‌పీ (A Better Routeplanner) లాంటి యాప్‌లో ముందురోజు రాత్రి లెక్క వేసుకుని, ఆ ప్లాన్‌ను ఫోన్ మ్యాప్‌లో స్టాపులుగా పెట్టుకోవడమే మంచి పద్ధతి. ఆ యాప్ ఎత్తుపల్లాలు లెక్కలోకి తీసుకుంటుంది. అది చూపించే చార్జర్లను మాత్రం ప్లగ్‌షేర్ అనే యాప్‌లో మనవాళ్ళు రాసిన తాజా మాటలతో సరిచూసుకోవాలి.

చార్జర్ దగ్గర

స్క్రీన్ ఎంత పెద్దదైనా చార్జర్ దగ్గర మన చేతిలో ఉండేది ఫోనే. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్, అందులో మిగిలిపోయిన వందా, నూటయాభై. పీఎం ఈ-డ్రైవ్ పథకంలో కేంద్రం చార్జింగ్ కేంద్రాలకని 2,000 కోట్లు పక్కన పెట్టింది, సంతోషం. కానీ ఉన్న చార్జర్ పనిచేస్తోందా, ఖాళీగా ఉందా అన్నది కారు మ్యాప్‌లో నిజంగా తెలిస్తే ఆ కోట్లు మనకు మరింత పనికొస్తాయి. ప్లగ్ పెట్టగానే బండిని గుర్తుపట్టి డబ్బు తనే తీసుకునే పద్ధతికి ఐఎస్ఓ 15118 అనే ప్రమాణం ఎప్పటినుంచో ఉంది. మన హైవేల మీద ఇంకా క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తూ సిగ్నల్ కోసం అటూ ఇటూ నడవాల్సిందే. ఈ విషయంలో ఫోన్, కారు రెండూ ఓడినట్టే. కాకపోతే ఫోన్ కాస్త తక్కువ తేడాతో ఓడింది.

ఇంటి దగ్గరకొస్తే కారు సాఫ్ట్‌వేర్‌దే పైచేయి. 80 శాతానికి ఆపెయ్, తెల్లవారుజామున మొదలుపెట్టు అని బండికే చెప్పగలగాలి. కంపెనీ మొబైల్ యాప్ నుంచి మాత్రమే చెప్పగలిగే బళ్ళు బెంగళూరు రెండో బేస్‌మెంట్‌లో పనికిరావు. అక్కడ సిగ్నల్ ఉండదు. యాప్‌లో మాత్రం నిన్న రాత్రి చూసిన శాతమే పొద్దునా కనిపిస్తుంది.

అప్‌డేట్‌లో అడగాల్సినవి, వదిలెయ్యాల్సినవి

మన బండి ప్రతిసారీ ఆన్ చేసినప్పుడు రీజెన్ (బ్రేకింగ్‌లో కరెంటు తిరిగి రాబట్టే పద్ధతి) స్థాయిని తనకు నచ్చినచోటికి మార్చుకోకుండా, నేను నిన్న పెట్టింది గుర్తుపెట్టుకుంటే చాలు. లేన్ దాటితే మోగే హెచ్చరికదీ అదే కథ. గీతలు లేని రోడ్డు మీద, అటొక ఆటో, ఇటొక బైకు ఉన్నచోట అది మోగుతూనే ఉంటుంది. ఆపితే ఆ ప్రయాణానికే ఆగుతుంది. భద్రత కోసమే అని కంపెనీ అంటుంది, కాదనను. కానీ రోజూ బండి ఎక్కగానే మెనూలో నాలుగు మెట్లు దిగి ఒకటి ఆపాల్సి వస్తే, ఆ మెట్లు దిగే అరనిమిషం కళ్ళు రోడ్డు మీద ఉండవు. స్టీరింగ్ మీదున్న ఒక్క బటన్‌కు ఈ రెంటినీ కలిపి పెట్టుకునే వీలిస్తే బాగుంటుంది.

బటన్లు మేలా, స్క్రీన్ మేలా అనే చర్చ ఇక్కడే వస్తుంది. యూరప్‌లో కార్ల భద్రతకు మార్కులిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్ లాంటివాటికి విడి మీటలుంటేనే పూర్తి మార్కులిస్తానంటోంది. వాన సాయంత్రం అద్దం మీద ఆవిరి పట్టినప్పుడు డీఫాగర్ కోసం స్క్రీన్ తడిమినవాళ్ళకు వేరే రుజువు అక్కర్లేదు. ఇప్పటికే అమ్మిన బండికి సాఫ్ట్‌వేర్‌తో బటన్ తేలేం కదా. అందుకే ఇది కొనేముందు చూసుకోవాల్సిన విషయం.

అప్‌డేట్ ఓటీఏ ద్వారా, అంటే ఇంటర్నెట్ మీదుగా నేరుగా బండికే, రావడం మేలా, సర్వీస్ సెంటర్‌లో వేయించుకోవడం మేలా అంటే, గాలిలో వచ్చేదే మేలు, ఒక షరతు మీద. ఏం మారుస్తున్నారో ముందే చెప్పాలి, ఎప్పుడు వేసుకోవాలో మనం ఎంచుకోవాలి. ఒక అప్‌డేట్ తర్వాత మా బండిలో ఆండ్రాయిడ్ ఆటో ప్రతి పది నిమిషాలకూ తెగిపోవడం మొదలైంది. పాత వెర్షన్‌కు తిరిగి పోయే దారి లేదు. తర్వాతి అప్‌డేట్ దాకా కేబుల్ వేసుకుని నడిపాను. ఆ అప్‌డేట్‌తో వచ్చిన కొత్త థీమ్ రంగులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి!

కొత్త బండి చూడ్డానికి షోరూమ్‌కు పోయేవాళ్ళు పాటల శబ్దం తర్వాత వినొచ్చు. టెస్ట్ డ్రైవ్ ఇచ్చే అబ్బాయిని కారు సొంత మ్యాప్‌లో తిరుపతి పెట్టమనండి. చేరేసరికి మిగిలే శాతం చూపిస్తోందా చూడండి. తర్వాత తిరుపతి నుంచి బెంగళూరుకు పెట్టించండి. రెండు లెక్కలూ ఒకేలా వస్తే ఆ మ్యాప్‌కు మొగిలి ఘాట్ ఉందని తెలియదు. అప్పుడు బండి నచ్చితే తీసుకోండి, ఒక మంచి టైప్-సీ కేబుల్ కూడా కొనుక్కోండి.