ఆర్‌ఎన్‌ఆర్ 15048: షుగర్ ఉన్న ఇంట్లో ఈ బియ్యం ఎంతవరకు పనికొస్తుంది?

కిరాణా కొట్ల ముందు "షుగర్ ఫ్రీ రైస్" అని అట్ట పెట్టి అమ్మే బస్తాల్లో తరచుగా కనిపించేది తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048. బియ్యం మంచిదే, ఆ అట్ట మీద రాతే తప్పు. వంద గ్రాముల మామూలు బియ్యంలో ఉన్నట్టే ఇందులోనూ 78 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. అది చక్కెరగా మారి రక్తంలోకి చేరే వేగం మాత్రమే తక్కువ. షుగర్ లేదనుకుని రెండోసారి వడ్డించుకునేవాళ్లకు ఈ అట్ట చేసే చెడు అంతా ఇంతా కాదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన కేంద్రంలో ఎంటీయూ 1010, జేజీఎల్ 3855 రకాలను సంకరం చేసి దీన్ని తయారుచేశారు. దాదాపు 125 రోజుల పంట. గింజ సన్నం, బీపీటీ (సాంబ మసూరి) కన్నా కాస్త చిన్నది. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో, గ్లూకోజ్‌ను 100గా తీసుకుని చెప్పే అంకెను గ్లైసీమిక్ ఇండెక్స్ అంటారు. దీనికి అది 51 చిల్లర అని చెబుతారు. 55 లోపు ఉంటే తక్కువ కింద లెక్క, 70కి చేరితే ఎక్కువ. మనం తినే తెల్ల బియ్యాలు చాలావరకు ఆ 70 చుట్టుపక్కలే ఉంటాయి.

ఇక పళ్లెంలో ఏం జరుగుతుందో చూడండి. 50 గ్రాముల బియ్యం వండితే 39 గ్రాముల పిండిపదార్థం. దాన్ని ఇండెక్స్‌తో గుణించి 100తో భాగిస్తే రక్తం మీద పడే చక్కెర భారం (గ్లైసీమిక్ లోడ్) వస్తుంది. ఆర్‌ఎన్‌ఆర్ అయితే ఆ భారం 39లో సగానికి కాస్త ఎక్కువ, అంటే 20. మామూలు బియ్యమైతే 27. తేడా బాగానే ఉంది. కానీ "ఇది మంచి బియ్యమే కదా" అని 100 గ్రాములది తింటే భారం 40 అవుతుంది. మామూలు బియ్యం 50 గ్రాములు తిన్నవాళ్ల కన్నా నష్టపోయినట్టే. రకం మార్చడం కన్నా కొలత మార్చడమే పెద్ద పని. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పులో సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లు ముగ్గురికి ఒక కప్పు చాలు. అన్నం అయ్యాక మనిషికి 140 గ్రాముల దాకా వస్తుంది. వంటింటి తూకం మీద ఒక్కసారి తూచి, ఆ అన్నం ఏ గిన్నెకు ఎంత వరకు వస్తుందో గుర్తు పెట్టుకుంటే రోజూ తూచే పని ఉండదు.

వండటంలోనే చాలామంది ఈ బియ్యాన్ని పాడుచేస్తారు. గింజ చిన్నది కాబట్టి త్వరగా ఉడుకుతుంది. కప్పుకు రెండు కప్పుల నీళ్లు చాలు, కొత్త బియ్యమైతే ఇంకాస్త తగ్గించాలి. మూడు కప్పులు పోసి నాలుగు విజిల్స్ రానిస్తే ముద్దైపోతుంది. మెతుకు ఎంత చితికితే లోపలి పిండి అంత త్వరగా అరిగి చక్కెర అంత వేగంగా పెరుగుతుంది. మెతుకును వేళ్ల మధ్య నొక్కి చూడండి. లోపల పలుకు తగలకూడదు, అలాగని నలిగిపోయి వేళ్లకు పిండిలా అంటుకోకూడదు. అక్కడ ఆపేయాలి. ఆ 51 అనే అంకె మెతుకు విడిగా ఉండే అన్నానిది. ఇదే బియ్యాన్ని పిండి ఆడించి దోసెలు పోసినా, పొంగలిలా మెత్తగా మెదిపినా ఆ లాభం చాలావరకు పోతుంది. గంజి వారిస్తే కొంత పిండి పోయే మాట నిజమే, దాంతోపాటు బి విటమిన్లూ పోతాయి. వార్చిన అన్నం కదా అని ఎక్కువ తినకూడదు.

తినే వరస కూడా ముఖ్యం. ముందు బీరకాయ, బెండకాయ, గోంగూర లాంటి ఏదో ఒక కూర గిన్నెడు, గట్టి పప్పో గుడ్డో తిని, ఆ తర్వాత అన్నం కలుపుకుంటే చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. బంగాళాదుంప వేపుడును కూర కింద లెక్కేయకండి, అదీ పిండే. కిడ్నీ జబ్బున్నవాళ్లు పప్పు ఎంత తినాలో డాక్టరునే అడగాలి. చేయి కడిగాక కూర్చోకుండా 10–15 నిమిషాలు నడవండి. కదిలే కండరం చక్కెరను వాడుకుంటుంది, ఏ బియ్యమూ ఈ పని చేయలేదు. వారం మొత్తం మీద చురుకైన నడక 150 నిమిషాలకు తగ్గకూడదు, వరుసగా రెండు రోజులకు మించి మానకూడదు.

కొనేటప్పుడు ఇబ్బంది ఏమిటంటే, ఆర్‌ఎన్‌ఆర్‌ను కంటితో చూసి తేల్చడం కష్టం. వేరే సన్న రకాలు కలిపినా తెలియదు. రకం పేరు, ప్యాకింగ్ తేదీ ముద్రించిన సంచే తీసుకోండి. కనీసం ఆరు నెలల పాతదైతే అన్నం పొడిగా వస్తుంది. "షుగర్ ఫ్రీ" అన్న మాటకు కిలోకు అదనంగా అడిగితే ఇవ్వకండి. దంపుడు బియ్యంగా దొరికితే పీచు ఎక్కువ, కాబట్టి అదే మేలు. గంటసేపు నానబెట్టి వండాలి. తవుడులో నూనె ఉండటం వల్ల త్వరగా ముక్కవాసన వస్తుంది, ఒకేసారి రెండు కిలోలకు మించి తేవద్దు.

25 కిలోల బస్తాకు ముందు ఐదు కిలోలు తెచ్చి గ్లూకోమీటర్‌తో పరీక్షించుకోండి. మూడు రోజులు పాత బియ్యం, మూడు రోజులు ఇది. కూర, కొలత, నడక, మాత్రల వేళ ఆరు రోజులూ ఒకటే. చేతులు సబ్బుతో కడిగి తుడుచుకుని, తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు మరోసారి చూడాలి. మీటరు 15 శాతం అటూ ఇటూ చూపించవచ్చు కనుక ఒక్క రోజు అంకెను నమ్మకండి, మూడు రోజుల పెరుగుదల సగటు తీయండి. సాధారణంగా తినే ముందు 80–130, రెండు గంటలకు 180 లోపు లక్ష్యం. పెద్దవాళ్లకు డాక్టరు వేరే అంకె చెప్పి ఉంటే అదే పాటించాలి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టరుతో మాట్లాడాకే అన్నం తగ్గించాలి. మందు డోసు అలాగే ఉంచి అన్నం సగం చేస్తే చక్కెర 70 కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. అప్పటికీ 70 లోపే ఉంటే మళ్లీ అంతే తాగాలి.