సీపీసీ మెటీరియల్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు సెక్షన్ 102 తీసి చూడండి

హన్మకొండలో ఎల్‌ఎల్‌బీ చదివేవాళ్లు, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు ప్రిపేర్ అయ్యేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. "తెలుగులో సీపీసీ పూర్తి నోట్స్, వీడియో క్లాసులతో కలిపి" అని వాట్సాప్ గ్రూపుల్లో ఒక సెట్ తిరుగుతోంది. సీపీసీ అంటే సివిల్ ప్రొసీజర్ కోడ్, సివిల్ కేసులు కోర్టులో ఎలా నడవాలో చెప్పే చట్టం. నేను 3,800 రూపాయలు పెట్టి కొన్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. సరుకు ఎలా ఉందో మాత్రం చెబుతాను, అలాంటిదే మీ చేతికి వస్తే గుర్తుపట్టండి.

అట్ట మీద మెరిసే స్టిక్కర్ ఉంది: "2024 కొత్త చట్టాల ప్రకారం". నాకు అక్కడే అనుమానం రావాల్సింది. 2024 జూలై 1 నుంచి మారినవి నేరాలు, శిక్షల ఐపీసీ, క్రిమినల్ కేసుల పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ, సాక్ష్యాల ఎవిడెన్స్ యాక్ట్. సివిల్ ప్రొసీజర్ కోడ్ వాటిలో లేదు. 1908 నాటి కోడే సవరణలతో ఇప్పటికీ నడుస్తోంది. ఒకరోజు గోరుతో ఆ స్టిక్కర్ అంచు లేపితే కింద పాత ధర కనిపించింది, 95 రూపాయలు. లోపలంతా జిరాక్స్‌కి జిరాక్స్. ఎవరో ఎప్పుడో పెన్నుతో పెట్టుకున్న టిక్కులు కూడా ప్రింటులో వచ్చాయి. ఆర్డర్ 21లో సగం పేజీలు లేనే లేవు. కోర్టులో గెలిచినవాడికి పొలమైనా డబ్బైనా చేతికి ఎలా వస్తుందో చెప్పే భాగం అది, వందకు పైగా రూల్సు ఉంటాయి.

అంతవరకైతే డబ్బు పోయిందని ఊరుకునేదాన్ని.

మా ఊరు పరకాల దగ్గర. పొలం గట్టు గొడవలో మా చిన్నాయనకు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. "లా చదువుతున్నవ్ కదా బిడ్డా, దీనికి జవాబు ఎప్పటిలోపు ఇయ్యాలె?" అని అడిగాడు. నేను ఆ పుస్తకం తీసి ఆర్డర్ 8 చూశాను. మొదటి వాయిదా నాటికి గానీ, కోర్టు ఇచ్చిన గడువులో గానీ రిటన్ స్టేట్‌మెంట్, అంటే దావాకు మన రాతపూర్వక జవాబు, వేయొచ్చని ఉంది. వాయిదాకు ఇంకా నెలన్నర ఉంది. "తొందరేం లేదు చిన్నాయనా, వాయిదా రోజు వేస్తే సరిపోతుంది" అని చెప్పాను.

ఆ రూలు మారి ఇరవై ఏళ్లు దాటింది. 1999, 2002 సవరణ చట్టాలు రెండూ 2002 జూలై 1న అమల్లోకి వచ్చాయి. అప్పటినుంచి సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు వేయాలి. కోర్టు కారణాలు రాసి గడువు ఇచ్చినా, సమన్లు అందిన నాటి నుంచి 90 రోజులు దాటకూడదు. మరీ తప్పనిసరి పరిస్థితుల్లో ఆ 90 రోజుల తర్వాత కూడా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2005లో సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో చెప్పింది. దాన్ని నమ్ముకుని మాత్రం ఎవరూ కూర్చోవద్దు. అదే వ్యాపార గొడవల మీద వేసే కమర్షియల్ దావా అయితే 120 రోజులు, ఆ తర్వాత జవాబు వేసే హక్కే పోతుంది.

చిన్నాయన అదాలత్ దగ్గర తెలిసిన వకీలు సాబ్‌ను కలిసేసరికి 41వ రోజు. ఆయన సమన్ల మీద తేదీ చూసి, "ఇన్ని రోజులు ఏం చేసినవ్?" అన్నాడు. ఆలస్యానికి పిటిషన్ పెట్టి, ఖర్చులు కట్టి వేస్తే కోర్టు తీసుకుంది. తీసుకోకపోతే చిన్నాయన మాట వినకుండానే తీర్పు ఇచ్చే వీలు ఆర్డర్ 8 రూల్ 10లో ఉంది. చిన్నాయన నన్ను ఒక్క మాట అనలేదు. నాకే రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

తర్వాత కేంద్ర ప్రభుత్వ ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉన్న అసలు చట్టం పక్కన పెట్టుకుని చూశాను. అది అందరికీ ఉచితం. డబ్బు వసూలు దావా 25,000 రూపాయలు దాటకపోతే సెకండ్ అప్పీలు (మొదటి అప్పీలు తీర్పు మీద హైకోర్టుకు వెళ్లేది) లేదని ఇప్పటి సెక్షన్ 102 చెబుతుంది, ఈ పుస్తకంలో ఇంకా 3,000 దగ్గరే ఉంది. రాజీ, లోక్ అదాలత్, మీడియేషన్‌ల సెక్షన్ 89 అసలు లేదు. సాక్షి చీఫ్, అంటే తనను పిలిచినవాళ్ల తరఫున ముందు చెప్పే సాక్ష్యం, ఇప్పుడు అఫిడవిట్ మీద నడుస్తుంది, ఇందులో ఆ ఊసే లేదు. వీడియోల్లో సారు ఈ పుస్తకాన్నే చదువుతున్నాడు. మన తెలంగాణ హైకోర్టు 2019 జనవరి 1న వేరుపడిందన్న సంగతి కూడా ఆ క్లాసుల్లోకి రాలేదు.

అందుకే ఎవరైనా సెట్ అమ్ముతామంటే ముందు సెక్షన్ 102, ఆర్డర్ 8 రూల్ 1 పేజీల ఫొటోలు పంపమనండి. అందులో 25,000, 30 రోజులు, 90 రోజులు లేకపోతే ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. బిల్లు ఇవ్వనివాళ్ల దగ్గర కొనొద్దు. నేను ఒక వ్యక్తి నంబరుకు ఫోన్‌పే చేశాను. రిఫండ్ అడిగితే "వీడియో ఓపెన్ చేశాక ఇవ్వం" అన్నారు, తర్వాత బ్లాక్ చేశారు. చాట్ స్క్రీన్‌షాట్లు, పార్సిల్ కవరు, స్టిక్కర్ అన్నీ దాచి 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. ఇదే సెట్ కొని మోసపోయినవాళ్లు ఉంటే రెండేళ్ల లోపు మీరూ వేయండి.

ఆ సెట్ నా దగ్గరే ఉంది. మీరు కొన్నది, కొనబోయేది దానితో పోల్చి చూసుకోవాలంటే చెప్పండి, సాయంత్రం పూట సుబేదారిలోనే ఉంటాను, తెచ్చి చూపిస్తాను.