పేపర్ మినియేచర్లు బయట ప్రింట్ చేయించేవాళ్లు జాగ్రత్త: నా 1400 ఎలా పోయాయంటే

తిరుపతిలో టేబుల్‌టాప్ గేములు, అంటే బల్ల మీద చిన్న బొమ్మలు పేర్చి ఆడే ఆటలు, ఆడేవాళ్లం తక్కువే. ఉన్న కొద్దిమందిలో ఇంకొకరు నాలాగా మోసపోకూడదని రాస్తున్నాను.

పోయిన నెల ఒక కోట సెట్ పీడీఎఫ్ కొన్నాను, ప్రింట్ చేసి, కోసి, అతికించుకునే రకం. గోడలు, బురుజులు, అంగుళం గళ్ల నేల పలకలు, 28 మిల్లీమీటర్ల సైజు సైనికులు. ఇంట్లో ఉన్నది ఇంక్‌జెట్ ప్రింటర్, జిగురు తడి తగిలితే రంగు అలుక్కుపోతుంది. అందుకని ఊళ్లో పెళ్లి కార్డులు వేసే ఒక షాపులో లేజర్ ప్రింట్‌కి ఇచ్చాను. 250 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) మ్యాట్ కార్డు, సైజు మార్చకుండా 100 శాతం, 40 షీట్లు, షీటుకి 35 రూపాయలు. "ముహూర్తాల రద్దీ సామీ, మొత్తం ముందే కట్టేయండి" అన్నాడు ఓనరు. కట్టేశాను. సాయంత్రం కవర్ చేతికిస్తే విప్పి కూడా చూడలేదు. బండి రోడ్డుకి అడ్డంగా పెట్టి వచ్చాననే టెన్షన్. అక్కడ తప్పు నాదే.

ఆ రాత్రి మొదటి బురుజు కోసి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో మడత గీతలు గీసి, ఫెవికాల్ పెట్టి నిలబెట్టాను. అరగంటకే గోడలు నడుము దగ్గర లోపలికి పోయాయి. ఫ్యాన్ వేస్తే సైనికులు వరసగా పడుకున్నారు. మడతల మీద రంగు పొట్టులా రాలి తెల్ల గీతలు తేలాయి. సరే, తెల్ల అంచులు స్కెచ్ పెన్నుతో దిద్దుకోవడం ఈ పనిలో ఎవరికైనా తప్పదు. అసలు దెబ్బ నేల పలకల దగ్గర. పాత సెట్ పలక పక్కన కొత్తది పెడితే, ఎనిమిది గళ్లకి దాదాపు 6 మిల్లీమీటర్లు తక్కువ!

కారణం తెలియడానికి గంట పట్టింది. ఆ పీడీఎఫ్ అమెరికా లెటర్ సైజులో ఉంది, వెడల్పు 216 మిల్లీమీటర్లు. మన ఏ4 వెడల్పు 210. షాపులో పేజీకి సరిపోయేలా 'ఫిట్' పెట్టి వేసేశారు. బొమ్మ మొత్తం 97 శాతానికి కుంచించుకుపోయింది. 25.4 మిల్లీమీటర్లు ఉండాల్సిన గడి 25 కూడా అందుకోలేదు. ఒక్క గడిలో కంటికి ఆనదు, వరస పేర్చితేనే బయటపడుతుంది.

ఇక కాగితం సంగతి. మా ఆవిడ కేకులకి వాడే చిన్న డిజిటల్ కాటా మీద, ఇంకా కోయని పది షీట్లు పెట్టాను. 106 గ్రాములు. ఏ4 షీట్లు పదహారు పేరిస్తే ఒక చదరపు మీటరు. కాబట్టి పది షీట్ల బరువుని 1.6తో గుణిస్తే జీఎస్ఎం వస్తుంది. నాకు వచ్చింది 170. నిజంగా 250 అయితే పది షీట్లు 156 గ్రాములు తూగాలి.

మర్నాడు వెళ్లి అడిగితే, "కంపెనీ నుంచే అట్ల వస్తాది సామీ. బొమ్మలే గదా, ఆడుకునేదానికి చాలదా?" అన్నాడు. డబ్బు పోయినదానికంటే ఆ 'బొమ్మలే గదా' ఎక్కువ గుచ్చుకుంది. సగం రేటుకి మళ్లీ వేసిస్తానన్నాడు. అదే కాగితం మీదేగా! వద్దని వచ్చేశాను.

మీరు ఇచ్చేటప్పుడు ముందు ఒక్క షీటే వేయించుకోండి. 30 సెంటీమీటర్ల స్కేలు పట్టుకెళ్లి, ఒక గడి కాదు, వరస మొత్తం కొలవండి. ఎనిమిది గళ్లకి 203 మిల్లీమీటర్లు రావాలి. ఆ షీటునే అక్కడ నిలబడి ఒకసారి మడవండి, రంగు రాలుతుందో లేదో తెలిసిపోతుంది. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి చూస్తే ఇంకా మంచిది. కాగితం నార ఒక వైపే ఉంటుంది, దానికి అడ్డంగా మడిస్తే పగుళ్లు ఎక్కువ. ఓనరు విసుక్కుంటే విసుక్కోనీ.

జీఎస్ఎం ఎంతో బిల్లు మీద రాయించుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామని కూర్చుని నా బిల్లు తీసి చూస్తే, అందులో 'కలర్ ప్రింట్ 40' అని తప్ప ఇంకేమీ లేదు.